అర్ధరాత్రి నగరము, అపరాధము, అద్భుతము

అర్ధరాత్రి నగరవీథిలో మెలకువగా తిరుగువారు పూర్వము ముగ్గురే యుండిరి: దొంగ, దొంగను పట్టవలసిన తలారి, ముసుగు వేసికొని ప్రియుని యింటికి పోవు అభిసారిక. నాలుగవదిగ నొక పిశాచమునో, యక్షునో, మంత్రసిద్ధునో ఈ ముగ్గురి దారికి అడ్డముగా నిలిపి, ఆ నలుగురి నడుమ నొక హత్యనో, అపహరణమునో పడవేసి, దాని గుట్టు విప్పుటకు పూనుకొన్నవారికే ఆ యమానుష ప్రాణులలో నొకరిమీద వలపు పుట్టించినచో, నేడు ఇంగ్లీషు పుస్తకముల అంగళ్లలో అర్బన్ ఫాంటసీ యను పేర సంపుటములకు సంపుటములుగా అమ్ముడు పోవుచున్న కథాజాతి సిద్ధమగును. దీనిని చదువువారు నెల్లూరు తీరమున లేరనుకొనుట పొరపాటు. మైపాడు మొదలు కోట, వాకాడు దాక తీరము పొడుగున రొయ్యల గుంటల గట్లమీద, ఏరియేటర్లు నీటిని చిలుకుచుండగా రాత్రి కాపలా యున్న చదువుకొన్న కుఱ్ఱవాండ్ర చేతులలో వెలుగుచుండు ఫోనులను పరకాయించి చూచినచో, సినిమా పాటలతోపాటు ఇట్టి కథల పుటలును కనబడును.

కథాజాతి క్రొత్తదని వారి నమ్మకము. ఆ నమ్మకములో సగము నిజమున్నది.

ముందుగా ఆ నిజమైన సగమును చెప్పుదును. లారెల్ కె. హామిల్టన్ అను అమెరికా రచయిత్రి 1993లో అనీటా బ్లేక్ అను నాయికను సృష్టించి, సెయింట్ లూయిస్ నగరమున శవములను లేపు వృత్తి ఆమె కిచ్చి, నెత్తురు త్రాగు పిశాచముల హత్యలను పరిశోధింపజేసెను. జిమ్ బుచర్ 2000 సంవత్సరములో హ్యారీ డ్రెస్డెన్ అను మాంత్రికుని షికాగో నగరమున ప్రైవేటు డిటెక్టివుగా నిలిపి, టెలిఫోను డైరెక్టరీలో అతని పేరు మాంత్రికుడనియే అచ్చు వేయించెను. షార్లేన్ హారిస్ 2001లో మొదలిడి 2013 నాటికి పదుమూడు నవలలుగా ముగించిన వరుసలో నాయిక సూకీ స్టాక్‌హౌస్ ఒక పల్లెటూరి బారులో వడ్డన చేయు పిల్ల. ఎదుటివారి మనస్సులోని మాటలు చెవిలో పడుట ఆమెకు పుట్టువుతో వచ్చిన శాపము. బెన్ ఆరొనోవిచ్ 2011లో లండను నగరపు మామూలు కానిస్టేబు నొకని తీసికొని, హత్యను కన్నులార చూచిన సాక్షి దయ్యమని తేలగా ఆ వాఙ్మూలమును ఏ కాగితముమీద వ్రాసికొనవలయునో తెలియక తికమకపడు పోలీసువానిగా చిత్రించెను. వీరందరు చేసిన పని యొకటే. దయ్యమును పాడుపడిన కోటనుండియు, రాజకుమార్తెను మణిమయ సౌధమునుండియు దింపి, బస్సులును, బాడుగ యిండ్లును, కరెంటు బిల్లులును గల నగరములో కాపురము పెట్టించుట.

ఈ కథలలో రక్తి పుట్టునది పిశాచమువలన గాదు, నగరమువలన. షికాగోలో చలిగాలి ఏ దిక్కునుండి వీచునో, లండనులో ఏ సందు ఏ నదీపాయమీద కప్పబడినదో పాఠకుడు నమ్మిన తరువాతనే ఆ సందులో నిలిచిన దయ్యమును నమ్మును. నగరము అబద్ధమైనచో దయ్యమును అబద్ధమే. రెండవది, మంత్రమునకు హద్దు ఉండవలయును. డ్రెస్డెన్ దగ్గరకు వచ్చిన విద్యుద్యంత్ర మేదైనను చెడిపోవును. కాబట్టి పాత కారులో తిరుగుచు, కొవ్వొత్తి వెలుగులో చదువుకొనుచు నుండును. అంత శక్తిగలవాడు ఇంటిలో ఫ్రిజ్జును నిలుపుకొనలేడు! మన పెద్దన ఈ రహస్యమును ఎన్నడో ఎఱుగును. ప్రవరాఖ్యుని హిమాలయమునకు చేర్చిన పాదలేపము మంచునీటిలో కరగిపోవుటయే మనుచరిత్ర కథకు ఇరుసు. ఆ పసరు కరగని పసరైయుండినచో వరూధిని లేదు, మాయాప్రవరుడు లేడు, స్వరోచి లేడు, పెద్దనకు వ్రాయుటకు పనియును లేదు.

ఇక నెల్లూరి మాటకు వత్తును. 13వ శతాబ్దమున విక్రమసింహపురి యని పేరుగాంచిన ఈ నగరమును తెలుగు చోడరాజు మనుమసిద్ధి యేలుచుండగా, పెన్నయొడ్డున తిక్కన సోమయాజి భారతమునకు పూనుకొన్న కాలముననే, ఆయన యాదరమున మూలఘటిక కేతన యను కవి దండి సంస్కృతమున వచనముగా వ్రాసిన దశకుమారచరితమును తెలుగు పద్యకావ్యముగా జేసి ఆ తిక్కనకే అంకితమిచ్చి, అభినవదండి యని పేరు వడసెను. తిక్కన తల్లిదండ్రులను గూర్చియు, వంశమును గూర్చియు మనకు తెలిసినదానిలో పెద్దపాలు ఈ గ్రంథపు అవతారికనుండి వచ్చినదే యగుటచేత, పండితులు దానిని చరిత్రాధారముగా తఱచు తిరుగవేసిరి గాని, అవతారిక దాటి కథలోనికి దిగిన సామాన్య పాఠకులు బహు కొద్దిమంది. దిగినవానికి కనబడునది ఏమి? దొంగలు, జూదగాండ్రు, వేశ్యలు, కపటసన్న్యాసులు, శ్మశానములు, సొరంగములు, మాఱువేషములు, అంతఃపుర ప్రణయములు. పదిమంది కుమారులు ఒకరికొకరు దూరమై, తిరిగి కలిసికొని, ఎవని సాహసమును వాడు చెప్పుకొనుట. నేటి సంపుటముల వరుసకు కావలసిన చట్రమంతయు అందున్నది.

ఇందొక చమత్కార మున్నది. ఈ కేతనయే విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెలుగుచేసి, ఋణములు, దాయభాగములు, నేరములు, దండనలు మొదలగువానిని పద్యములలో పెట్టినవాడు. తెలుగు భాషకు తెలుగుననే తొలి వ్యాకరణమును కూర్చినవాడును అతడే. కన్నపు దొంగను నాయకునిగ జేసిన చేతితోనే న్యాయశాస్త్రమును వ్రాసినవాడు మఱియొక భాషలో నుండెనో లేదో గాని, నేరపరిశోధక కథలు వ్రాయువానికి ఇంతకన్న తగిన చదువు వేఱొకటి లేదు.

దండి కాంచీపురమున పల్లవుల నాటివాడు. నెల్లూరికి కంచి యెంత దూరము! అతని గ్రంథము మనకు మొదలు తుద లేనిదిగా చేరగా, పూర్వపీఠిక ఉత్తరపీఠికలను ఇతరులు అతికిరి. కాని నడుమనున్న భాగములోని అపహారవర్మ కథ యొక్కటి చాలును. చంపానగరమున లోభులు పెరిగిపోయిరనియు, సిరి నిలుకడలేనిదని వారికి తెలియజెప్పవలయుననియు నిశ్చయించుకొని, వాడొక చీకటిరాత్రి కన్నమునకు బయలుదేరును. నల్లని వస్త్రము బిగించి, కత్తి దోపి, వెంట తీసికొన్న పనిముట్ల పట్టికను దండి మూలమున చదువవలయును. పాముపడగ వంటి మొనగల త్రవ్వుకోల, జనులు నిద్రించిరో లేదో తెలిసికొనుటకు ఊదు సన్నని పీక, పట్టుకారు, కన్నములో ముందుగా దూర్చిచూచుటకు మనిషితల బొమ్మ, లోన ఎవడైన కత్తియెత్తి కాచియున్నచో వ్రేటు ఆ బొమ్మమీద పడుటకు, మందుపొడి, మాయవత్తి, గోడ కొలుచు దారము, ఎండ్రకాయ కొక్కెము, త్రాడు, దీపపు బుడ్డి, చిట్టచివర తుమ్మెదల బరణి. ఆ బరణి మూత తీసి వదలినచో అవి పోయి దీపము నార్పునట! మాయపొడియును కొలతదారమును ఒకే సంచిలో ఒద్దికగా నుండుట చూడుడు. కవి రెంటిమీదను ఒకే చూపు చూచెను. రెండును వృత్తి పనిముట్లే.

ఆ రాత్రియే వీథిలో వానికొక కన్య యెదురగును. తండ్రి తన్ను వేఱొక ధనికునికి ఈయ నిశ్చయింపగా, వలచిన ధనమిత్రుని యింటికి నగలతో ఒంటిగా పోవుచున్నది. దొంగ ఆమె నగలను తాకడు. చేయిపట్టి నడిపించుచుండగా దివిటీలతో కావలివాండ్రు వత్తురు. అపహారవర్మ వెంటనే నేలకొరిగి, పాము కరచినవానివలె బిగుసుకొని, ఆ పిల్లచేత, అయ్యలారా, నా భర్తను పాము కరచినది, మీలో మంత్రము తెలిసినవారెవరైన కాపాడుడని యేడ్పించును. కావలివారిలో నొకనికి విషవైద్యమందు తగని గర్వము. వాడు ముద్రలు పట్టి, మంత్రములు జపించి, చిట్టచివరకు, ఇతడు కాలదష్టుడు, ఇక బ్రదుకడు, తెల్లవారి దహనము చేయింతము, ఏడ్వకుమని చెప్పి, బృందముతో ముందునకు సాగిపోవును. శవము లేచి దుమ్ము దులుపుకొని, కన్యను ప్రియునికి అప్పగించి వచ్చును. చట్టము, మంత్రము, ప్రేమ, నేరము నాలుగును ఒక్క వీథిదీపము క్రింద ఇంత చక్కగా ఢీకొన్న ఘట్టము నేటి పుస్తకములందు నాకు కనబడలేదు.

ఈ రసమునకు పైమెట్టు ఆ పదిమందిలో మఱియొకడైన మంత్రగుప్తుని కథ. అతడు కళింగనగరపు పొలిమేరలో శ్మశానము ప్రక్క చెట్టు క్రింద పరుండియుండగా, నడిరేయి ఒక కింకర పిశాచమును దాని యాలును మాటలాడుకొనుట వినబడును. ఏమి మాటలు? ఆ పాపిష్ఠి సిద్ధుడు వేళగాని వేళ పనులు చెప్పి మన కాపురమును చెడగొట్టుచున్నాడు, వానిని అడ్డువా డెవడును లేడా యని! పిశాచదంపతుల ఈ గొడవ, నేటి రచయిత లెవరైన వ్రాసియుండినచో, ఎంత ఆధునికమైన హాస్యమని మనము మెచ్చుకొనియుందుము. కింకరుని వెంబడించి మంత్రగుప్తుడు చూచునప్పటికి, ఎముకల సొమ్ములు తాల్చి బూడిద పూసికొన్న జడధారి, నిప్పులో నువ్వులును ఆవాలును చల్లుచు, కళింగరాజు కర్దనుని కూతురు కనకలేఖను తెమ్మని యాజ్ఞాపించును. తెచ్చిన పిల్ల జుట్టుపట్టి కత్తి యెత్తునంతలో, మంత్రగుప్తుడు ఆ కత్తినే లాగికొని సిద్ధుని తల నరికి, జడలతోకూడ చెట్టుతొఱ్ఱలో దాచును. కింకరుడు సంతోషముతో వారిరువురిని అంతఃపురమునకు మోసికొనిపోవును. ఇంతవరకు అద్భుతము నిజమైన అద్భుతమే.

ఆ తరువాతి మలుపు మన తీరవాసులు చదువదగినది. వసంతకాలమున కర్దనుడు పట్టపు రాణులను, పౌరులను వెంటబెట్టుకొని సముద్రతీరపు తోపులలో పదుమూడు దినములు వినోదముగా గడుపుచుండగా, ఆంధ్రరాజు జయసింహుడు పెక్కు ఓడలతో వచ్చిపడి, రాజును, కూతురును బంధించి కొనిపోవును. కార్తికపున్నమకు సముద్రస్నానమని ఊళ్లకు ఊళ్లు మైపాడు ఇసుకమీదికి తరలివచ్చుట చూచినవారికి, ఆ జనసమ్మర్దముపై హఠాత్తుగా ఓడలు కనబడుట ఎట్టి దృశ్యమో వర్ణించి చెప్పనక్కఱలేదు. చెఱలోనున్న కనకలేఖను యక్షుడు పట్టినాడనియు, ఏ మగవానిని దగ్గరకు రానీయడనియు ఆంధ్రనగరమున వదంతి లేచును. మంత్రగుప్తుడు తొఱ్ఱలోని సిద్ధుని జడలను తెచ్చి తలకు కట్టికొని, శిష్యులను పోగుచేసికొని, ఆ నగరపు చెరువుగట్టున మహాసిద్ధుడై కూర్చుండును. యక్షుని వెడలగొట్టవలయునన్న నీ దేహము మాఱవలయును, ఈ చెరువునీటిలో మునిగి లేచినచో నీకు క్రొత్తరూపము వచ్చునని జయసింహుని నమ్మించి, ముందుగా వందమంది జాలరులచేత వలలు వేయించి మొసళ్లు మొదలగువానిని ఏరివేయించి, గట్టున తాను రహస్యముగా త్రవ్విన బిలములో దాగి, నీట మునిగిన రాజును చంపి, తానే క్రొత్తదేహము దాల్చిన రాజుగా వెలికివచ్చును. మంత్రులు దండములు పెట్టుదురు. కథనంతయు మంత్రగుప్తుడు ప ఫ బ భ మలు లేకుండ చెప్పునట్లు దండి వ్రాసెను. ఏలయనగా, ప్రియురాలి పంటిగాట్లచేత అతని పెదవి నొచ్చియున్నది. శృంగారము శైలిలోనికి ఇంతగా చొచ్చిన గ్రంథము మఱియొకటి చూపుట కష్టము.

ఇక్కడ ఆగి ఆలోచింపవలసిన సంగతి యొకటి యున్నది. ఆంధ్రనగరపు జనులందరు యక్షుని నమ్మిరి, సిద్ధుని నమ్మిరి, మాఱిన దేహమును నమ్మిరి. నమ్మనివారు ఇరువురే: మంత్రగుప్తుడును, పాఠకుడును. దండి మనలను తెరవెనుకకు తీసికొనిపోయి త్రాళ్లు చూపించి, తెరముందున్నవారి భక్తిని చూపి నవ్వించును. నేటి ఇంగ్లీషు వరుసలు దీనిని తలక్రిందు చేసినవి. షికాగో పౌరులు మంత్రమును నమ్మరు. లండను పోలీసు అధికారులు దయ్యమన్న మాట కాగితముమీద పడనీయరు. నమ్మినవారు, అనగా నిజ మెఱిగినవారు, నాయకుడును పాఠకుడును మాత్రమే. ప్రపంచము నమ్మినప్పుడు మోసమును కనిపెట్టుట సుఖము. ప్రపంచము నమ్మనప్పుడు అద్భుతమును కనిపెట్టుట సుఖము. రెండిట పాఠకుడు కోరునది లోకమునకు తెలియని గుట్టు తనకు తెలియుటయే. విద్యుద్దీపములు, ఫోటోలు, వేలిముద్రలు వచ్చి లోకమున రహస్యము కరవైన కొలది, రెండవ తీరు కథలకు గిరాకి హెచ్చినదని నా యూహ.

ఈ రెంటి నడుమ నిలిచినది తెలుగున 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడిన యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళము. అంతకు ముందే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, అసిస్టెంటు రాజును మద్రాసు వీథులలో తిరుగుట చదివి, నెల్లూరు, గూడూరు పాఠకులు ఆ వీథుల పేళ్లు కంఠస్థము చేసిరి. వారికి మద్రాసు రైలులో పోయివచ్చు ఊరు గదా. యుగంధరు లోకములో దయ్యమునకు చోటులేదు. ఉన్నట్లు కనబడినను చివరి ప్రకరణమున దాని ముసుగు తొలగును. తులసిదళమున అట్లుగాక, ఒక చిన్నపిల్లను పీడించునది చేతబడియా, లేక మనోవ్యాధియా యను ప్రశ్నను వైద్యులును, హిప్నాటిస్టును, మాంత్రికులును తలకొకవైపు లాగుచుండగా, పాఠకుడుకూడ తెరవెనుక ఏమున్నదో ఎఱుగక వారమువారము ఉగ్గబట్టుకొని కూర్చుండెను. ఆ రోజులలో పత్రిక ఊరికి వచ్చు దినమున అంగడి ముందు నిలిచినవారును, ముందు తాము చదివి పిమ్మట ఇంటిలో వంతులవారీగా ఇచ్చినవారును, సీరియలు పుటలను జాగ్రత్తగా చింపి కుట్టించి అట్టవేయించి బీరువాలో దాచినవారును ఇప్పటికిని మన యిండ్లలో నున్నారు. అద్దె పుస్తకముల కొట్లలో పుట మడతలు నలిగి, పెన్సిలు వ్యాఖ్యలు నిండిన నవల ఏదియో చూచి జనాదరణను కొలిచెడివారు. విమర్శకుల కొలతకన్న ఆ కొలత తప్పుట అరుదు.

అదే నవలమీద రంగనాయకమ్మగారు తులసిదళము కాదు, గంజాయి దమ్మని పేరుపెట్టి ఒక ఖండనగ్రంథమే వ్రాసిరి. చేతబడి చేసిరను అనుమానముతో ముసలివారిని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రములలో నేటికిని అడపాదడపా వచ్చుచుండుటచేత, ఆ ఖండనమును తేలికగా త్రోసివేయుట న్యాయము గాదు. నా అభిప్రాయ మిది: పిశాచమును పిశాచముగానే కల్పించి, కల్పన యని పాఠకునితో ముందుగానే ఒడంబడిన కథవలన హానిలేదు. పొరుగింటి పేదరాలిమీద వేలుచూపు కథవలననే హాని. షికాగో మాంత్రికుని చదివి ఎవడును పొరుగువానిమీదికి కట్టె యెత్తడు. పల్లెలో ఫలానివారు బాణామతి చేయుదురని నిజమువలె వ్రాసిన కథ చదివి ఎత్తువాడు ఉండవచ్చును. దండియును కేతనయును మాంత్రికుని ఎప్పుడును బలవంతునిగాను, కపటిగాను చూపిరే గాని దిక్కులేనివానిగా చూపలేదు. ఆ వివేకము ఏడువందల యేండ్ల పైబడినది.

ఇక వలపు సంగతి. అమానుషులతో ప్రణయము మనకు క్రొత్త గాదు. శంతనుడు గంగను పెండ్లాడెను. శుక్తిమతి యను నదికి, కోలాహలమను కొండకు పుట్టిన గిరికను వసురాజు వలచి చేపట్టిన కథను భారతము చెప్పగా, రామరాజభూషణుడు దానిని వసుచరిత్రగా పెంచెను. ఆరొనోవిచ్ లండను కథలలో థేమ్సు నదియు, దానిలో కలియు ఏరులును మనుష్యరూపమున వీథులలో తిరుగుచుండ, మన కానిస్టేబు బెవర్లీ బ్రూక్ అను నొక చిన్న యేటిని ప్రేమించును. గిరికను ఎఱిగిన తెలుగువాడు ఆ పుట చదివి ఆశ్చర్యపడడు, చుట్టమును చూచినట్లు చూచును. సినిమాలలో 1990లో వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరిలో ఉంగరము పోగొట్టుకొన్న దేవకన్య యాత్రికులకు ఊరుచూపు గైడు ఇంట చేరుటయు ఈ జాతిదే. వరూధిని కథను తిరుగవేసి, స్వర్గమును బాడుగ యింటికి దింపిన చమత్కారము.

అయినను క్రొత్త వరుసలలో ప్రణయమునకు ఒక ప్రత్యేక కారణమును కల్పింతురు, అది మెచ్చదగినది. సూకీకి మనుష్యులందరి మనస్సులును వినబడును గదా. వలపు మాటలాడువాని లోపలి మాటకూడ వినబడుచుండగా ఏ పిల్ల యెవనిని ప్రేమింపగలదు? నెత్తురుత్రాగు బిల్ అనువాని మనస్సు మాత్రము ఆమెకు వినబడదు. ఆ నిశ్శబ్దమే ఆమెకు సుఖము, ఆ సుఖమే వలపు. ఇట్టి కారణము కుదిరినచోట ప్రణయము కథకు ప్రాణమగును. కుదరనిచోట, నాలుగైదు సంపుటములు గడచునప్పటికి హత్య వెనుకబడి, నాయికను పిశాచము పెండ్లాడునా తోడేలుమానిసి పెండ్లాడునా యను పంచాయితీ మిగులును. అనీటా బ్లేక్ వరుసకు తరువాతి సంపుటములలో ఈ గతియే పట్టినదని నా తీర్పు. పరిశోధన మానిన డిటెక్టివును ఏ వలపును రక్షింపలేదు. సంపుటములన్నియు వరుసగానే చదువవలయునా యని యడుగువారికి, మొదటి మూడును వరుసగా చదివి, నేరము నడచినంత దూరము మాత్రమే నడువుడని చెప్పుదును.

తెలుగున ఇప్పుడు ప్రతిలిపి వంటి ఫోను వేదికలలో దయ్యమును, ప్రేమయు కలిసిన సీరియళ్లు దినదినము పుట్టుచున్నవి. వానిలో చాలవరకు నగరము లేదు; ఒక బంగళా, ఒక చింతచెట్టు, ఒక తెల్లచీర యున్నవి. వ్రాయువారిలో నేర్పులేక గాదు, తమ ఊరిని కథకు తగినదిగా చూడకపోవుటవలన ఈ కొఱత. నెల్లూరు సీమకు ఏమి తక్కువ? 1626లో ఇంగ్లీషు వర్తకులు, మద్రాసుకన్న ముందే, కోఠీ పెట్టిన దుగరాజపట్నమున్నది. పడవల రాకపోకలు మాని నాచు పట్టిన బకింగ్‌హాం కాలువ యున్నది. 1971 నుండి రాకెట్లు లేచుచున్న శ్రీహరికోట, దాని ప్రక్కనే పులికాటు నీటిలో ఒంటికాలిమీద నిలుచు రాజహంసలు నున్నవి. కృష్ణపట్నము రేవులో రాత్రియంతయు ఆరని దీపములున్నవి. మొహరము దినములలో బారాషహీదు దర్గా యెదుట స్వర్ణాల చెరువు నీటిలో నిలిచి, పెండ్లి రొట్టె, ఉద్యోగపు రొట్టె, సంతానపు రొట్టె యని కోరికలను రొట్టెలుగా మార్చుకొను వేలాది జనమున్నారు. అన్ని మతములవారును మోకాలిలోతు నీట నిలిచి కోరిక నిచ్చి పుచ్చుకొనుచుండగా, ఒకడు మాత్రము తనది గాని రొట్టె తిన్నాడనుకొనుడు. పోలీసు ఎస్సై యొకడు ఆ కేసును విచారింపవలసివచ్చిన దనుకొనుడు. మొదటి ప్రకరణము సిద్ధమైనట్లే గదా.

నెల్లూరి యువరచయితలకు నా మనవి యింతే: షికాగోను అనువదింపకుడు, ట్రంకు రోడ్డును, పెన్న వంతెనను, రంగనాయకుల గుడిసందును అర్ధరాత్రి నడచి చూచి వ్రాయుడు. పాఠకులకు మఱియొక మాట. కేతన పద్యములు కష్టమనిపించినచో, దశకుమారుల కథను వచనములో వ్రాసిన పుస్తక మేదైన సంపాదించి, ముందుగా మంత్రగుప్తుని కథ చదువుడు. అది ఒక పూట పని. అపహారవర్మను రెండవ పూటకు ఉంచుకొనుడు.